ఆడవాళ్ళ సగం

మునగాలకు రెండు కోసుల దూరంలో, ఊరికి ఎడంగా, ఇరవై రెండిళ్ళ క్రైస్తవుల పల్లె ఒకటి ఉండేది. అన్ని ఇళ్ళకూ కలిపి బైబిలు ఒక్కటే. దాన్ని చదవగలిగిన మనిషీ ఒక్కడే, జానయ్య పంతులు. సూర్యాపేట మిషను వాళ్ళు ఆయన్ని ఉపదేశిగా పంపి పాతికేళ్ళయింది. పంపాక ఆయన సంగతి దాదాపు మరిచిపోయారు. అదే మేలయిందనేవాడు పంతులు. అడిగేవాళ్ళు లేకపోవడంతో ఆరాధన తన ఇష్టం వచ్చినట్టు నడిపించుకున్నాడు.

ఆ ఇష్టం కాస్త విడ్డూరంగానే ఉండేది. స్తుతి కీర్తనల్లో ప్రతి వచనాన్నీ రెండుగా కోసి, మొదటి సగం మగవాళ్ళకు, రెండో సగం ఆడవాళ్ళకు నేర్పాడు. నాగళ్ళు విప్పి వచ్చిన మగవాళ్ళను గుడి అరుగు మీద కూర్చోబెట్టి వాళ్ళ సగం చెప్పేవాడు. ఆడవాళ్ళు నాట్లు వేస్తుంటే ఒడ్డు మీద నిలబడి వాళ్ళ సగం అందుకోమనేవాడు. ఎవరి సగం వాళ్ళదే. పూర్తి కీర్తన పల్లెలో పంతులు తప్ప ఎవరూ అనరు.

"ఒక్కడే కూసుండి దేవుని పొగిడితే అది గొణుగుడైతది," అనేవాడాయన. "పొగడాలంటె ఒకరు అనాలె, ఇంకొకరు అవునన్నాలె."

సూర్యాపేట పాదిరి ఒకసారి వచ్చి ఇది చూసి నవ్వాపుకోలేకపోయాడు. అప్పట్నించి చుట్టుపక్కల క్రైస్తవులు వీళ్ళను సగం కీర్తనల వాళ్ళని ఎగతాళి చేసేవారు. పల్లెవాళ్ళు అదేమీ చెవిన వేసుకోలేదు. పైపెచ్చు ఆ పద్ధతిని ప్రాణంలా పట్టుకున్నారు. మట్టయ్య ఒకనాడు కల్లు తాగొచ్చి ఆడవాళ్ళ సగం కూడా తానే పాడేస్తే, వారం రోజులు అందరి ఇళ్ళకూ అతనిచేత నీళ్ళు మోయించారు. ఆ తర్వాత ఏ మగవాడూ పొరపాటున కూడా అవతలి సగం జోలికి పోలేదు.

ఆడవాళ్ళ వైపు ముందుగా అందుకునేది సత్తెమ్మ. గొంతు పెద్దది, ఎవరికీ జంకే మనిషి కాదు. ఆమె మొదటి మాట అంటేనే మిగతా వాళ్ళు నోరు తెరుస్తారు. మగవాళ్ళ వైపు ఆమె మొగుడు అబ్రహాం. అతను నెమ్మదస్తుడు. ఇంట్లో పది మాటలకు ఒక మాట బదులిచ్చే మనిషి ఆదివారం మాత్రం గొంతెత్తి అడిగేవాడు, సత్తెమ్మ జవాబిచ్చేది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా వాళ్ళిద్దరూ కలిసి కూర్చుని మనసు విప్పుకున్నది తక్కువ. ఆ కీర్తనల్లోనే ఆ లోటు తీరేదని సత్తెమ్మ అనుకునేది.

రజాకార్లు పోయి మిలిటరీ వచ్చిన మరుసటి ఎండాకాలం అది. రజాకార్లు పోయారని పల్లె ఊపిరి పీల్చుకునేలోపే మిలిటరీ వాళ్ళు కమ్యూనిస్టు సంఘం మనుషుల కోసం ఊళ్ళు గాలించడం మొదలుపెట్టారు. సంఘం దళానికి అన్నం పెట్టినవాడికీ తుపాకి పట్టినవాడికీ వాళ్ళ దగ్గర తేడా లేదు.

అన్నం పెట్టింది సత్తెమ్మే. కామునిపున్నానికి ముందు, పొద్దు వాలుతుండగా, దళంలోని ముగ్గురు మెట్ట చెలకల దగ్గర ఆమెకు ఎదురుపడ్డారు. రెండు రోజులుగా ఏమీ తినలేదన్నారు. ఇంటికి పోయి అంబలి కుండ తెచ్చి మోదుగు పొదల వెనక పెట్టింది. తల తిప్పేసరికి కాస్త దూరంలో దస్రు కనిపించాడు. తండాలో ఉండే లంబాడా మనిషి, ముప్ఫయ్యేళ్ళవాడు. ఆ చెలకకు కావలి ఉంటూ మేకలు మేపుకుంటాడు. అతను ఆమెను చూశాడు, కుండనూ చూశాడు. ఏమీ అనకుండా మేకలను అటు మళ్ళించుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత ఆ పొదల్లో కుండ మిలిటరీ వాళ్ళకు దొరికింది. కుండ పక్కన మేకలతో దస్రు దొరికాడు. కుండ ఎవరిదంటే తెలియదన్నాడు. కొట్టారు. తెలియదన్నాడు. అతన్ని కోదాడ అవతల పాత సత్రంలో పెట్టిన క్యాంపుకు తీసుకుపోయారు. నాలుగో రోజున పల్లె మీద పడి, పటేలు మనిషి వేలు చూపించిన ఇద్దరిని పట్టుకుపోయారు. ఒకడు మట్టయ్య, ఇంకొకడు అబ్రహాం.

ఆ క్యాంపుకు పోయినవాళ్ళలో కొందరు జైలుకు పోయేవారు. కొందరిని లారీ ఎక్కించేవారు. లారీ ఎక్కినవాళ్ళ కబురు మళ్ళీ వచ్చేది కాదు.

సత్తెమ్మ పంతులు కాళ్ళ మీద పడింది. "నేను జేసిన పనికి ఆయన్ను పట్టుకపోయిన్రు. నేనే పోయి చెప్త పంతులుగారు, కుండ నాదని," అంది.

"చెప్తె నిన్ను గూడ ఉంచుకుంటరు, వాన్ని ఇడువరు. నోరు మూసుకొని ఉండు," అన్నాడు పంతులు. ఆయన ఆ పూటే బయల్దేరి సూర్యాపేట నడిచిపోయాడు. పాదిరి చేత కాయితం రాయించుకుని మూడో రోజుకు తిరిగొచ్చాడు. అబ్రహాం, మట్టయ్య అనే ఈ ఇద్దరూ మా మిషను క్రైస్తవులు, సంఘంతో సంబంధం లేనివారు అని అందులో ఉంది. కింద పాదిరి సంతకం, ముద్ర.

మర్నాడు పొద్దున్నే పంతులు వెంట పన్నెండు మంది ఆడవాళ్ళు కోదాడ దారి పట్టారు. వాళ్ళు వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సత్రం చుట్టూ ముళ్ళకంచె. లోపల చింతచెట్టు కింద మేజా బల్ల, దాని వెనక ఆఫీసరు. దక్షిణాది మనిషి, తెలుగు రాదు. మెడలో సన్నటి సిలువ గొలుసు చూడగానే సత్తెమ్మకు ప్రాణం లేచొచ్చింది. పక్కన జగ్గయ్యపేట నుంచి తెచ్చుకున్న గుమాస్తా, ఆయన మాటలను తెలుగులో చెప్పడానికి.

ఆడవాళ్ళను కంచె బయటే ఆపేశారు. పంతులు ఒక్కణ్ణి లోపలికి పోనిచ్చారు. ఆఫీసరు కాయితం రెండుసార్లు చదివి, ఏదో అన్నాడు.

"ఇప్పుడు ప్రతివాడూ క్రైస్తవుణ్ణేనంటున్నాడట," అని గుమాస్తా చెప్పాడు. "కాయితాలు ఎవరైనా రాయించుకొస్తారు. క్రైస్తవుడైతే స్తుతి కీర్తన ఒకటి చెప్పమంటున్నారు దొరగారు. మీ పుస్తకం ఇటివ్వండి, నేను చూస్తా."

లోపలి కొట్టు తలుపు తీసి అబ్రహాంను తెచ్చారు. కుడికన్ను వాచి మూసుకుపోయింది. సత్తెమ్మ కంచె పట్టుకుని నిలబడింది. ముల్లు గుచ్చుకున్న సంగతి ఆమెకు ఇంటికొచ్చాక గాని తెలియలేదు.

"నూట నలభై ఎనిమిదోది వచ్చా?" అన్నాడు గుమాస్తా.

అబ్రహాం తలూపి, గొంతు సవరించుకున్నాడు. "సూర్యుడా, సంద్రుడా, ఆయన్ను పొగడుండ్రి," అన్నాడు. ఆగాడు.

గుమాస్తా చూశాడు. ఆఫీసరు చూశాడు. అబ్రహాం వాళ్ళను చూస్తూ నిలబడ్డాడు.

"ఆఁ, తర్వాతేంటి?"

"వడగండ్లు, మంచు, పెద్దగాలి, ఆయన్ను పొగడుండ్రి," అని మళ్ళీ ఆగాడు.

"మధ్యలో ముక్క మింగేశావేంటయ్యా? సూర్యుడి తర్వాత ఏముంది?"

"తర్వాత మాది కాదు దొరా," అన్నాడు అబ్రహాం.

"మరెవరిది?"

"ఆడోళ్ళది."

గుమాస్తాకు నవ్వొచ్చింది. ఆ సంగతి చెప్తే ఆఫీసరుకు రాలేదు. కొట్లో కూర్చుని ఎవరి దగ్గరో తునకలు తునకలుగా నేర్చుకున్నాడని ఆయనకు అనిపించింది. తీసుకుపొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఇరవై రెండిళ్ళ వాళ్ళు పాతికేళ్ళుగా మురిసిపోయిన పద్ధతి ఆ క్షణంలో ఒక మనిషి మెడకు ఉరై చుట్టుకుంది. జానయ్య పంతులు బల్ల ముందుకు వచ్చాడు. పాదిరి నవ్వినప్పుడు కూడా దించని తల దించి, ఆ సగాల సంగతంతా చెప్పుకున్నాడు. తప్పు నాదే, నేనే గిట్ల నేర్పిన, ఆడోళ్ళు గేటు కాడనే ఉన్నరు, జర వాళ్ళను గూడ ఇనుండ్రి అన్నాడు.

ఆఫీసరు కంచె వైపు చూశాడు. సరే అన్నాడు. వాళ్ళు అక్కణ్ణించే చెప్పాలి, ఇతను ఇక్కణ్ణించే చెప్పాలి, ఎక్కడా తడబడకూడదు.

"సూర్యుడా, సంద్రుడా, ఆయన్ను పొగడుండ్రి," అన్నాడు అబ్రహాం.

"మిమ్మల్ని పుట్టించిన మాట ఆయనదే," అని అందుకుంది సత్తెమ్మ. ఆమె వెనక పదకొండు గొంతులు.

"వడగండ్లు, మంచు, పెద్దగాలి, ఆయన్ను పొగడుండ్రి."

"ఆయన చెప్పిందే మీరు జేస్తరు గనుక."

కంచెకు అటొక సగం, ఇటొక సగం. కొండలు, కాయల చెట్లు, పశువులు, పాకే పురుగులు, రాజులు, ముసలివాళ్ళు, పడుచులు అన్నీ వరసగా వచ్చాయి. ఒక్క మాట తప్పిపోలేదు. గుమాస్తా వేలు పుస్తకం మీద కిందిదాకా జరిగి ఆగింది. ఆఫీసరు మధ్యలోనే కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు తన ఊళ్ళో విన్నదేదో గుర్తొచ్చి ఉంటుంది. కళ్ళు తెరిచి, అబ్రహాంను పక్కన నిలబడమన్నాడు. మట్టయ్య వచ్చాడు. అతను రెండుచోట్ల నత్తిగా అన్నా ఆడవాళ్ళు జవాబిచ్చారు. అతన్నీ అబ్రహాం పక్కన నిలబెట్టారు.

పంతులు చేతులు జోడించి సెలవు తీసుకోబోతుండగా, లోపల్నించి ఇంకొకణ్ణి తెచ్చారు. దస్రు. నడవలేకపోతున్నాడు, ఇద్దరు జవాన్లు రెక్కలు పట్టుకున్నారు.

"వీడూ క్రైస్తవుణ్ణే అంటున్నాడు," అన్నాడు గుమాస్తా.

దస్రు బల్ల ముందు నిలదొక్కుకున్నాడు. కంచె వైపు తిరిగాడు. "సూర్యుడా, సంద్రుడా, ఆయన్ను పొగడుండ్రి," అన్నాడు. లంబాడా యాసలో, ఒక్కో మాటా జాగ్రత్తగా. అచ్చం అబ్రహాం అన్నట్టే అని, అబ్రహాం ఆగినచోటే ఆగాడు.

సత్తెమ్మకు ఒక్కసారిగా అర్థమైంది. కొట్లో ఈ నాలుగు రోజులూ మొగుడు ఏం చేశాడో. కుండ ఎవరిదో తెలిసి, కొడుతున్నా చెప్పనివాడికి అబ్రహాం తన దగ్గరున్న ఒకే ఒక్కదాన్ని నేర్పాడు. తన సగం.

ఆడవాళ్ళంతా ఆమె నోటి వైపు చూస్తున్నారు. సత్తెమ్మ అబ్రహాం వైపు చూసింది. అతను ఒక్క కన్నుతో ఆమెనే చూస్తున్నాడు. తల కొద్దిగా కిందికీ పైకీ ఆడించాడు. అను, అని.

బల్ల మీద పాదిరి కాయితం ఉంది. అందులో ఉన్నవి రెండు పేర్లు. మూడోవాడికి జవాబిస్తే కాయితమన్నా అబద్ధం కావాలి, కీర్తనన్నా అబద్ధం కావాలి. పక్కన నిలబెట్టిన ఇద్దరినీ మళ్ళీ లోపలికి తోస్తారు. సత్తెమ్మ అలా ఆలోచించింది. ఆ ఆలోచన తప్పని ఇవాళ నీడపట్టున కూర్చుని ఎవరనగలరు? కానీ దాని అడుగున ఇంకొకటి కూడా కదిలింది. వీడు పోతే, చూసినవాడు పోతాడు. ఆ మాట ఆమె రమ్మనకుండానే వచ్చింది. వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా నోరు తెరవలేదు.

"సూర్యుడా, సంద్రుడా, ఆయన్ను పొగడుండ్రి," అని దస్రు రెండోసారి అన్నాడు, వినపడలేదేమోనని కాస్త గట్టిగా.

సత్తెమ్మ పక్కనున్న మైసమ్మ ముసలిది మోచేత్తో పొడిచింది. సత్తెమ్మ తల వంచుకుంది. ఆమె అందుకోకపోతే మిగతావాళ్ళూ అందుకోరు. అలవాటు అది.

దస్రు మూడోసారి అనలేదు. ఆమెను గుర్తుపట్టాడు. చెలకలో చూసినవాడే కదా, ఎందుకు పట్టడు? ఆ క్షణాన వేలు చూపించి కుండ దీనిదే అని ఉంటే అయిపోయేది. చూపించలేదు. నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"వాళ్ళ మనిషి కాదు," అన్నాడు గుమాస్తా, పుస్తకం మూసి పంతులు చేతికిస్తూ.

అబ్రహాం ఒక అడుగు ముందుకు వేశాడు. ఏదో అనబోయాడు. మట్టయ్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాడు.

దస్రును ఆ మధ్యాహ్నమే లారీ ఎక్కించారు. మిర్యాలగూడ జైలుకని చెప్పారు. లారీ మిర్యాలగూడ చేరింది, దస్రు చేరలేదు. దారిలో పారిపోబోతే కాల్చవలసి వచ్చిందని ఎనిమిది రోజులకు తండాకు కబురు తెచ్చారు. అడుగు తీసి అడుగు వేయలేనివాడు ఎట్లా పారిపోబోయాడో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కోదాడ నుంచి మునగాల దాకా తిరిగి నడుస్తున్నంతసేపూ అబ్రహాం పెళ్ళాంతో మాట్లాడలేదు. మునగాల దాటాక మిగతావాళ్ళు ముందుకు పోయారు. సత్తెమ్మే ఉండబట్టలేక అడిగింది.

"నిన్ను ఇడిపిచ్చుకునుడు తప్పా? గా కాయితంల రెండే పేర్లుండె. నేను అంటె మీ ఇద్దర్ని గూడ ఉంచుకుందురు."

అబ్రహాం నడుస్తూనే బదులిచ్చాడు.

"తప్పని నేననలే. నువ్వన్నట్టే అయితుండెనేమో. కానీ వానికి నేను మాటిచ్చిన. రెండో సగం రాదు గదన్నా, ఎట్ల అని వాడు భయపడుతుంటె, నీకెందుకు, నువ్వు అడుగు, మా ఆమె తప్పక జవాబిస్తదని చెప్పిన. నాలుగు దినాలు గదే చెప్పిన."

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా దాని ప్రస్తావన రాలేదు. ఆదివారం గుడిలో మగవాళ్ళు మొదటి సగం అన్నారు. అబ్రహాం పెదవి కదపలేదు. సత్తెమ్మ అందుకోలేకపోయింది. మైసమ్మ ముసలిది ఆమె బదులు పీలగా ఎత్తుకుంది. పంతులు పుస్తకం చూస్తూ ఉండిపోయాడు. తర్వాతి ఆదివారమూ అంతే.

కబురు తెలిసిన మూడో వారం, పొద్దున ఎండ ఎక్కుతుండగా, దస్రు తల్లి రంగి పల్లెకు వచ్చింది. ఎముకల గాజులు తీసేసిన చేతులు బోసిగా ఉన్నాయి. అబ్రహాం ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చి, గడప ముందు కూర్చుంది.

"నా కొడుకుతోని నువ్వే ఉన్నవంట గద బిడ్డా," అంది అబ్రహాంతో. "క్యాంపుల వాడు ఏదో పాట అన్నడని మేకలోళ్ళు చెప్పిన్రు. మావోడు ఎన్నడు పాట అన్నోడు కాదు. ఏమన్నడో జర చెప్పు. ఇని పోదామని వచ్చిన."

అబ్రహాం కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. ఎన్నాళ్ళుగానో మూసుకున్న గొంతు విప్పి, "సూర్యుడా, సంద్రుడా, ఆయన్ను పొగడుండ్రి," అన్నాడు. అని ఆగాడు.

రంగి తల పైకెత్తి చూసింది. "గంతేనా? తర్వాత లేదా?"

ఇంటి లోపల్నించి సత్తెమ్మ బయటికి వచ్చి రంగి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తర్వాత ఉన్నదవ్వా. అది నేను అనాలె," అంది. "నీ కొడుకు రెండుమాట్ల అడిగిండు, నేను అనలే. అంటె ఇడుస్తుండెనో ఏమో, నాకెరుక లేదు. నా మొగుడు నాకు దక్కాలనుకున్న. ఇంకోటి గూడ ఇను. వానికాడ దొరికిన కుండ నాది. పెట్టంగ వాడు సూసిండు. సచ్చేదాక నా పేరు చెప్పలే."

రంగి ఏడవలేదు, తిట్టలేదు. సత్తెమ్మ మొహంలోకి ఎంతోసేపు చూసింది. దెబ్బ కొడితే బాగుండునని సత్తెమ్మకు అనిపించింది.

"గా మాట ఏందో అది చెప్పు," అంది రంగి చివరికి.

సత్తెమ్మ చెప్పింది. అబ్రహాం మళ్ళీ మొదలుపెట్టి అడిగాడు, ఆమె జవాబిచ్చింది. సూర్యచంద్రుల నుంచి ముసలివాళ్ళూ పడుచులదాకా, ఒక్క మాట పోకుండా ఇద్దరూ మొత్తం చెప్పారు. రంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కడదాకా విన్నది. అయిపోయాక నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది.

"మంచిగనే ఉన్నది," అంది. "వాడు ఇనకపాయె."

అని, వచ్చిన బాటనే తండా వైపు నడిచింది.